ముఖం తెలియని మేలుకు కృతజ్ఞత

మేలు చేసినవాడు ఎదురుగా ఉంటే కృతజ్ఞత చెప్పడం కష్టం కాదు. అతని చేయి పట్టుకుంటాం, దుఆ ఇస్తాం, పండుగకు ఇంటికి పిలుస్తాం. కాని ఈ కాలంలో చాలా మేలు ముఖం కనిపించకుండానే జరిగిపోతోంది. ఆస్పత్రిలో ఉన్న తల్లి కోసం కొడుకు అర్ధరాత్రి ఫోన్‌లో ఒక సందేశం పెడతాడు: ఓ నెగెటివ్ రక్తం కావాలి. ఎప్పుడూ చూడని మనిషి తెల్లవారేలోగా వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళిపోతాడు. చదువుకునే అమ్మాయి లెక్క ఒకటి అర్థం కాక ఇంటర్నెట్‌లో అడుగుతుంది. వేరే దేశంలో ఉన్నవారెవరో గంటసేపు కూర్చుని విడమరచి రాస్తారు. పని పూర్తవుతుంది. ఆ తర్వాత మన వైపు నుంచి ఒక్క మాట కూడా ఉండదు.

పేరైనా సరిగా తెలియని ఆ మనిషికి మనం నిజంగా రుణపడి ఉన్నామా? మేము దీన్ని చిన్న ప్రశ్నగా భావించడం లేదు. ఇది మన ఈమాన్‌కు సంబంధించిన ప్రశ్న.

మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఇందులో బంధువులని, పరిచయస్తులని, స్వధర్మీయులని షరతేమీ లేదు. మనుషులు అన్న మాట మాత్రమే ఉంది. పక్కింటివారికి కృతజ్ఞత చెప్పడంలో కొంత మొహమాటం ఉంటుంది, రేపు మళ్ళీ వారితో అవసరం పడుతుందన్న ఆలోచనా ఉంటుంది. మళ్ళీ ఎన్నడూ కలవని మనిషి విషయంలో అవేవీ ఉండవు. అక్కడ మన చేత కృతజ్ఞత చెప్పించేది మన హృదయం ఒక్కటే. అందుకే అసలు పరీక్ష అక్కడ ఉంది.

మద్‌యన్ బావి దగ్గర

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరా (28:23-25) ఒక సంఘటనను తెలుపుతుంది. హజ్రత్ మూసా (అలై) పరాయి ఊరికి చేరుకున్నారు. బావి దగ్గర ఇద్దరు స్త్రీలు తమ పశువులతో దూరంగా నిలబడి ఉన్నారు. ఆయన వారి పశువులకు నీళ్ళు తాపి, ఒక్క క్షణం కూడా అక్కడ ఆగకుండా నీడలోకి వెళ్ళి తన ప్రభువును వేడుకున్నారు. ఇంతలో ఆ ఇద్దరిలో ఒకామె సిగ్గుతో నడుచుకుంటూ వచ్చి, నీళ్ళు తాపినందుకు ప్రతిఫలం ఇవ్వడానికి తన తండ్రి పిలుస్తున్నారని చెప్పింది.

ఇందులో ఇద్దరి సంస్కారమూ ఉంది. సాయం చేసినవారు కృతజ్ఞత కోసం ఎదురుచూడలేదు. సాయం పొందిన ఇంటివారు ఆయన వెళ్ళిపోయారు కదా అని ఊరుకోలేదు, వెతికి పిలిపించారు. ఆయన ఎవరో వారికి తెలియదు. ఆయన చేసిన మేలు మాత్రం తెలుసు, అదే వారికి చాలింది.

ఒక సాకు

"ఆయన అల్లాహ్ కోసం చేశారు, పుణ్యం ఆయనకు దక్కుతుంది. మనం చెప్పకపోతే ఏమవుతుంది?" అనేవారు ఉన్నారు. పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టే సజ్జనులు వారి నుంచి ప్రతిఫలాన్ని గాని కృతజ్ఞతను గాని కోరరని అద్ దహ్ర్ సూరా (76:8-9) చెబుతున్న మాట నిజమే. కాని ఆ మాట ఇచ్చేవానికి పాఠం, పుచ్చుకునేవానికి సాకు కాదు. ఇచ్చేవాడు అడగకపోవడం అతని చిత్తశుద్ధి. అతడు అడగలేదు కనుక మనం చెప్పకపోవడం మన కృతఘ్నత. అతని బాధ్యతను చూపించి మన బాధ్యత నుంచి తప్పించుకోవడం న్యాయం కాదు.

కబురు చెప్పడం కూడా కృతజ్ఞతే

2021 ఏప్రిల్, మే నెలలను తలచుకోండి. కరోనా రెండో ఉధృతిలో ఆస్పత్రి పడకల కోసం, ఆక్సిజన్ కోసం దేశమంతటా ప్రజలు ఫోన్ల ద్వారా మొరపెట్టుకున్నారు. ముక్కూ మొహం తెలియని యువకులు, గృహిణులు రాత్రింబవళ్ళు నంబర్లు తిప్పి ఆచూకీ తీశారు. అయితే పడక దొరికిన తర్వాత "దొరికింది" అని చెప్పనివారి కోసం కూడా వారు వెతుకుతూనే ఉండేవారు. ఆ సమయంలో ఊపిరాడని మరొకరి మొర వెనకబడిపోయే ప్రమాదం ఉండేది.

రక్తం కోరే సందేశాల సంగతీ ఇంతే. అవసరం తీరి నెలలు గడిచినా అవి చేతులు మారుతూనే ఉంటాయి. రోగి ఇంటికి చేరుకున్నా, లేక అల్లాహ్ సన్నిధికే చేరుకున్నా ఆ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. కనుక అవసరం తీరగానే ఆ మాట అందరికీ తెలియజేయండి. పాత సందేశాన్ని తొలగించండి. చెప్పిన ఉపాయం పనిచేసిందో లేదో చెప్పండి, అదే ఇబ్బందిలో ఉన్న మరొకరికి అది దారి చూపుతుంది. పరాయివారి సమయం మన చేతిలో ఒక అమానతు.

హద్దులు మరువరాదు

కృతజ్ఞత పేరుతో మేలు చేసినవారిని ఇబ్బంది పెట్టడమూ తగదు. వారి పేరు, ఫోటో, ఫోన్ నంబరు అనుమతి లేకుండా పదిమందిలో పెట్టకండి. రహస్యంగా చేసే దానం మరింత శ్రేష్ఠమని ఖుర్ఆన్ (2:271) బోధిస్తోంది. చాటుగా ఉండగోరినవారిని చాటుగానే ఉండనివ్వాలి. ఎదుటనే మితిమీరి పొగడటాన్ని దైవప్రవక్త (స) వారించారు, అది పొగిడించుకున్నవానికే హాని. రక్తం ఇచ్చిన పురుషుడు మళ్ళీ ఇవ్వడానికి 3 నెలలు, స్త్రీ అయితే 4 నెలలు ఆగాలి. పదిహేను రోజులకే "మీరే కదా అప్పుడు ఇచ్చారు" అని మళ్ళీ ఫోన్ చేయడం సబబు కాదు. పరాయి స్త్రీ పురుషుల మధ్య కృతజ్ఞత ఒక్క మర్యాదపూర్వకమైన మాటతో ముగియాలి, అనవసరపు సంభాషణకు అది తలుపు కాకూడదు.

మేలు చేసినవారు ముస్లిమేతర సోదరులైతే? మక్కాకు చెందిన ముత్‌ఇమ్ బిన్ అదీ ఇస్లాం స్వీకరించలేదు. అయినా దైవప్రవక్త (స) తాయిఫ్ నుంచి గాయాలతో తిరిగి వచ్చినప్పుడు ఆయన రక్షణ కల్పించారు. హిజ్రీ 2లో బద్ర్ యుద్ధం జరిగేనాటికి ఆయన బతికి లేరు. ముత్‌ఇమ్ జీవించి ఉండి ఈ ఖైదీల కోసం మాట్లాడి ఉంటే వారిని ఆయన కోసం విడిచిపెట్టేవాడినని దైవప్రవక్త (స) అన్నారని బుఖారీ గ్రంథంలో ఉంది. కనుక అటువంటి సోదరులకు వారికి అర్థమయ్యే భాషలోనే, వారి మనసుకు హత్తుకునేలా కృతజ్ఞత చెప్పాలి.

తీర్చలేని రుణం

అన్సార్లు చేసిన ఉపకారం చూసి, పుణ్యమంతా వారే తీసుకుపోతున్నారేమోనని ముహాజిర్లు దిగులుపడ్డారు. వారి కోసం అల్లాహ్‌ను వేడుకుంటూ, వారి మంచిని చెప్పుకుంటూ ఉన్నంతకాలం అలా కాదని దైవప్రవక్త (స) ఓదార్చారు. చిరునామా తెలియని ఉపకారికి మనం కానుక పంపలేకపోవచ్చు, దుఆకు చిరునామాతో పనిలేదు. "జజాకల్లాహు ఖైరన్" అన్నది కూడా దుఆయే. దాన్ని మూడు పొడి అక్షరాలకు కుదించి పంపేసేముందు ఆ మాటకు అర్థం ఒకసారి తలచుకుంటే మంచిది. సజ్దాలో ఆ మనిషిని ఒక్కసారి గుర్తుచేసుకుంటే ఇంకా మంచిది. మనకు అతని పేరు తెలియకపోయినా అల్లాహ్‌కు తెలుసు.

మేలు చేసినవారిని మరువని హృదయాన్ని, ముక్కూ మొహం తెలియనివారికి మేలు చేసే చేతులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.