పూయని ఐరిస్

జి. కొండూరులో మా పెరట్లో మూడేళ్లుగా ఒక ఐరిస్ ఉంది. చలి ప్రాంతం నుంచి బంధువులు తెచ్చిచ్చిన దుంప అది. కత్తుల్లాంటి ఆకులు లేస్తాయి, వానలకు సగం దుంప కుళ్లిపోతుంది, మిగిలిన సగం మళ్లీ చిగురు వేస్తుంది. పువ్వు మాత్రం ఒక్కసారీ రాలేదు. “దాని రాత అంతేలేమ్మా” అన్నారు పక్కింటి పిన్నిగారు.

రాత అన్న మాటను తేలిగ్గా తోసేయలేం. మన చేతిలో లేనిది ఉందని ఒప్పుకునే వినయం అందులో ఉంది. అయితే అక్కడే ఆగిపోతే మొక్కను చూడటం కూడా మానేస్తాం. చూస్తే కారణం దొరుకుతుంది. ఈ జాతి పువ్వు కింది రేకు మీద గడ్డంలా మెత్తని నూగు ఉంటుంది. దానికి మొగ్గ కట్టాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి. దుంప పైభాగం ఎండకు కాగాలి, మొదలు దగ్గర తడి నిలవకూడదు. కాశ్మీరులో సమాధుల మీద నాటిన ఐరిస్‌లు పెద్దగా ఎవరూ సాకకపోయినా పూస్తాయి. మనం ఇక్కడ ఎన్ని నీళ్లు పోసినా ఆ చలిని తేలేం.

మరి మన మామిడి సంగతి? అదీ చలి కోసమే ఎదురుచూస్తుంది. కాకపోతే దానికి 15–20 డిగ్రీల రాత్రులు చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ చల్లదనం తగ్గితే చిన్నరసం కొమ్మ చివర పూతకు బదులు ఎర్రని లేతాకు వస్తుంది. ఇది తెలిశాక, ‘ఐరిస్ మన నేల మొక్క కాదు’ అని అంత గట్టిగా అనలేకపోతున్నాను.

కారణం తెలిసిందంటే దాన్ని మార్చే దారీ దొరకవచ్చు. రైతులు కల్టార్ అనే పాక్లోబ్యూట్రజాల్ మందును మామిడి చెట్టు మొదలు దగ్గర పోసి పూత తెప్పిస్తారు. అది తప్పని అనను. కానీ మోతాదు మించితే చిగుళ్లు కురచబారి చెట్టు గిడసబారుతుంది. కౌలుదారు ఈ ఏటి కాయ కోసుకుని వెళ్లిపోయాక ఆ చెట్టుతో ఉండేది తోట యజమాని. మన ముచ్చటకు ఖర్చు ఎవరు భరిస్తున్నారని అక్కడ అడగాలి కదా?

అదే ప్రశ్న నాకు నేనూ వేసుకున్నాను. మొక్కకు బాధ ఉందని చెప్పలేను. అయినా కుళ్లుతూ చిగురిస్తున్నదాన్ని ఇక్కడే పట్టి ఉంచడంలో ప్రేమ ఎంత, పంతం ఎంత?

ఈ శీతాకాలం దుంపను చీల్చి ఒక ముక్కను లంబసింగి వైపు ఉండే స్నేహితురాలికి పంపాను. అక్కడ కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతాయి. రెండో ముక్క మా ఎత్తుమడిలో, కనకాంబరాల పక్కన ఉంది.