అన్నప్రాశనము: ఒకనాటి ముహూర్తము, రెండేండ్ల వ్రతము

శ్రీకాకుళమునకు సమీపమున, గార మండలములోని శ్రీకూర్మ క్షేత్రమున శ్రీమన్నారాయణుడు కూర్మరూపమున అర్చింపబడుచున్నాడు. విజయనగరమునకు చేరువనున్న రామతీర్థమున శ్రీరామచంద్రుడు సీతాలక్ష్మణ సమేతుడై కొలువై యున్నాడు. బిడ్డకు తొలిముద్ద స్వామి సన్నిధిని పెట్టవలెనని కోరుకొను గృహస్థులు ఈ సీమలో ఎందరో కలరు. దూరము పోలేనివారు ఇంటనే పరమాన్నము నివేదించి, ఆ ప్రసాదమును బిడ్డ నాలుకకు తాకింతురు. భగవంతునికి నివేదింపని అన్నము వైష్ణవునకు భోజ్యము కాదు గదా! ఆ నియమము జీవునకు తొలి మెతుకుతోనే ఆరంభమగుచున్నది.

అన్నప్రాశనము షోడశ సంస్కారములలో ఒకటి. గృహ్యసూత్రములు దీనిని ఆరవ మాసమున విధించినవి. నేటి వైద్యశాస్త్రమును దాదాపు ఇదే చెప్పుచున్నది. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. అటుపిమ్మట పాలు మాత్రమే చాలవు. పుట్టుకతో బిడ్డ తెచ్చుకొన్న ఇనుము నిల్వలు ఆ వేళకు తరిగిపోవును. ఆడుబిడ్డలకు బేసి మాసము చూచుట ఆచారమగుటచే కొందరు ఐదవ నెలలోనే ముహూర్తము పెట్టుదురు. ఏడవ మాసమును బేసియే. అప్పుడు పెట్టినచో సంప్రదాయమునకును వైద్యమునకును విరోధము లేదు.

అయితే తొలిముద్దతో పాలు మాన్పించుట తగదు. క్షీరసాగర మథన సమయమున మందరగిరి మునిగిపోగా, స్వామి కూర్మమై దానిని వీపున నిలిపెను. దేవదానవులు పైన చిలుకుచుండగా క్రింద ఆధారము ఆయనయే. బిడ్డ కొత్త రుచులు నేర్చుకొను కాలమున తల్లిపాలు అట్టి ఆధారము. రెండేండ్లును, ఆపైనను, అవి కొనసాగవలెను.

ఆధారముపై ఏమి చేర్చవలెను? ఈ సీమ గృహములలోనే అన్నియు కలవు. మెత్తగా ఉడికిన అన్నము, పెసరపప్పు, కాసింత నెయ్యి, చోడిపిండి జావ, ఆకుకూర, గుమ్మడి, అరటిపండు. చోళ్ళలో ఎముకలకు బలమిచ్చు కాల్షియము వరికంటె ఎన్నో రెట్లు హెచ్చు. ఉగ్గు నీళ్ళవలె జారిపోరాదు, చెంచాపై నిలువవలెను. మొదట దినమునకు రెండు మూడు మారులు, తొమ్మిదవ నెల నుండి మూడు నాలుగు మారులు పెట్టవలెను. అంగన్‌వాడీ కేంద్రములలో బాలామృతమును లభించుచున్నది.

బిడ్డ కొత్త ముద్దను ఉమిసినచో తల్లి దిగులు పడును. అది అయిష్టము కాదు, అపరిచయము. ఎనిమిది పది మారులు రుచి చూచిన పిదప గాని కొన్ని పదార్థములు బిడ్డకు నచ్చవు. మథనమున మొదట హాలాహలమే పుట్టినది; అంతమాత్రమున చిలుకుట ఆగలేదు. ఐనను ఓర్పు వేరు, బలవంతము వేరు. తల త్రిప్పుకొన్న బిడ్డ నోట కుక్కరాదు. మరునాడు మరల చూపవలెను.

అట్లే ఆకలిగొన్న బిడ్డను మధ్యలో విడువరాదు. భాగవతమున యశోద పెరుగు చిలుకుచుండగా బాలకృష్ణుడు వచ్చి పాలు కోరెను. ఆమె ఒడిని చేర్చుకొన్నది గాని, పొయ్యిమీది పాలు పొంగగనే ఆయనను దింపి పరుగిడినది. కడుపు నిండని స్వామి పెరుగుకుండ పగులగొట్టెను. జగములేలు వానికే అర్ధాకలి కోపము తెప్పించినది. మన బిడ్డల మాట చెప్పవలెనా?

పెద్దలు ప్రేమతో చేయు పనులలో మానవలసినది ఒకటి కలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. బొటులిజమను ప్రాణాంతక వ్యాధి దానివలన కలుగవచ్చును. ఆ తొలి ఏడాది ఉప్పు, పంచదార చేర్చకుండుట మేలు. వేరుసెనగ గింజలవంటి గట్టి పదార్థములు గొంతున అడ్డుపడును. పెట్టువారి చేతులు సబ్బుతో కడుగుకొనుటయు ఆచారశుద్ధియే.

అన్నప్రాశననాడు పుస్తకము, కలము, బంగారము బిడ్డ యెదుట ఉంచి దేనిని పట్టుకొనునో అని బంధువులు ఆసక్తితో చూతురు. ఆ వేడుక గడియలో ముగియును. బిడ్డ ఏది తిన్నది, ఎంత తిన్నది, ఏల మానినది అని అదే ఆసక్తితో రెండేండ్లు చూచుటయే అసలు వ్రతము. ఆడుబిడ్డయనియు మగబిడ్డయనియు భేదము లేక ఆ ముద్దను పెట్టు చేతిని శ్రీకూర్మనాథుడు కాపాడుగాక!