పాత కారు అదే కారా?

భవానీపురంలో ఒకాయన తండ్రిగారి 1970 నాటి అంబాసిడర్‌ను ఇంటి దగ్గరే బాగుచేసుకుంటున్నాడనుకుందాం. తుప్పు తిన్న రేకు కోసి కొత్తది అతికించాడు. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది గనుక విడిభాగాల కోసం ఆటోనగరంతా గాలించి, కార్బురేటరు, బ్రేకులు, సీట్లు ఒక్కొక్కటే మార్చాడు. ఇప్పుడది నాన్నగారి కారేనా?

ప్రశ్న పాతదే. ఏథెన్సువారు థీసియస్ ఓడకు పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేస్తూ పోగా, అది అదే ఓడా కాదా అని తాత్త్వికులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. అరిస్టాటిల్ పదార్థాన్నీ రూపాన్నీ వేరుచేసి చూపాడు. ఆ లెక్కన పదార్థం మారినా కూర్పు నిలిస్తే వస్తువు నిలిచినట్లే. మన మోటారు వాహన నిబంధనలకు 2021లో చేసిన సవరణ కూడా, యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచిన బండినే వింటేజ్ అంటుంది.

ప్రియ పాఠకులారా, ఓపికతో చేసే మరమ్మతు పెద్దల కష్టానికి మనమిచ్చే గౌరవం. అయితే డీజిలు ఇంజను బిగించి, "అంతా ఒరిజినల్" అని అమ్మితే అది మోసం. ఏది పాతదో, ఏది కొత్తదో ఒక పుస్తకంలో రాసి బండితోపాటు అప్పగించండి. అది అదే కారా అన్నది పండితులు తేల్చుకుంటారు. దాన్ని గురించి మనం చెప్పే మాట మాత్రం నిజమై ఉండాలి.