కాగితం కింద ఏముంది?



రూపాయి బిళ్ళ మీద కాగితం పరచి, పైన పెన్సిలుతో రుద్దే ఆట మన పిల్లలందరికీ తెలుసు. ఇంగ్లండులో ఈ పనిని కుటుంబమంతా కలిసి చేస్తారు. అక్కడి పాత క్రైస్తవ దేవాలయాలలో సమాధులపై ఇత్తడి పలకలుంటాయి. వాటిమీద కాగితం వేసి, మైనపు ముద్దతో రుద్ది, బొమ్మల అచ్చులు తీసుకుంటారు. ఇప్పుడు కొన్ని వనాలలో కాలిబాట వెంట ఆకులు, పక్షులు చెక్కిన చిన్న పలకలు నిలిపారు. తల్లిదండ్రులు, పిల్లలు ఒక్కొక్క పలక దగ్గర ఆగి అచ్చు తీసుకుంటూ నడుస్తారు.

మనకు అటువంటివి ఎక్కడున్నాయని మీరు అడగవచ్చు. పిల్లలమర్రి అనే పేరు మన సీమలో రెండు చోట్ల ఉంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గ్రామంలో కాకతీయుల శిలాశాసనాలున్నాయి. ఒకటి 1195 నాటి రుద్రదేవునిది, ఒకటి 1208 నాటి గణపతిదేవునిది. శాసన పరిశోధకులు రాతిని శుభ్రపరచి, తడి కాగితం అంటించి, కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుతారు. చెక్కిన అక్షరాలు తెల్లగా, మిగిలినదంతా నల్లగా వస్తుంది. అది నేర్చినవారు అనుమతితో చేసే పని. మన పిల్లలు రాతిని ముట్టకుండా కళ్ళారా చూస్తే చాలు. అచ్చు తీయడానికి చెట్టుకింద రాలిన ఆకు ఉండనే ఉంది. ఆకును ఈనెలు పైకి వచ్చేలా బోర్లా పెట్టి, కాగితం కప్పి, రంగు పెన్సిలుతో మెల్లగా రుద్దితే ప్రతి ఈనె కనిపిస్తుంది.

ఇందులో తల్లిదండ్రులు గమనించవలసినది ఒకటున్నది. కాగితం అబద్ధం చెప్పదు. కింద ఏది ఉంటే అదే పైకి వస్తుంది. గట్టిగా రుద్దితే చిరుగుతుంది, ఆకును తాకకుండా రుద్దితే ఏమీ రాదు. మన పిల్లలూ అంతే. ఇంట్లో ప్రార్థన ఉంటే ప్రార్థన, తాగుడూ తిట్లూ ఉంటే అవే వారి మనసుపై పడతాయి. దెబ్బలతో రుద్దితే మనసు చిరుగుతుంది. దగ్గర కూర్చోకపోతే ఏ అచ్చూ పడదు. విశ్వాసులే హృదయాలపై వ్రాయబడిన క్రీస్తు లేఖ అని పునీత పౌలు కొరింతీయులకు బోధించాడు. ఆ లేఖను మన పిల్లలు మొదట చదివేది మనలోనే గదా!

పాలమూరు నుండి పనికోసం వలస వెళ్ళిన తండ్రులెందరో ఉన్నారు. పండుగకు వచ్చి నాలుగు రోజులుంటారు. ఆ నాలుగు రోజులూ బజారుకు, చుట్టాలకు, సెల్‌ఫోనుకు పోతే బిడ్డకు మిగిలేదేమిటి? కొత్త బట్టలు పొట్టివైపోతాయి. నాన్న పక్కన కూర్చుని కాగితం కదలకుండా పట్టుకున్న పూట మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

రెండవ పిల్లలమర్రి మహబూబ్‌నగర్ దగ్గరి మహావృక్షం. సుమారు 700 ఏళ్ళదని చెబుతారు. దాని ఊడలు నేలకు దిగి, మానులై, తల్లి చెట్టు కొమ్మలను మోస్తాయి. ఆ చెట్టుకే చెదలు పట్టాయి. 2017లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో దానిని బ్రతికించడానికి సెలైన్ సీసాలతో బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. కుటుంబానికి పట్టే చెదలు కూడా లోపలే తింటాయి, పైకి కనబడవు. దానికి మందు కూడా బొట్టుబొట్టుగానే ఎక్కాలి. ఒక పూట కలిసి నడవటం, ఒక పూట కలిసి తినటం, రోజుకొక చిన్న ప్రార్థన.

యోర్దాను దాటిన యిస్రాయేలీయులు పన్నెండు రాళ్ళు నిలిపారు. ఈ రాళ్ళేమిటని బిడ్డలు అడిగిననాడు తండ్రులు దేవుని మేలును చెప్పాలన్నదే అందులోని ఉద్దేశం. బిడ్డ అడగాలంటే తండ్రి పక్కన ఉండాలి.

కనుక వచ్చే ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక సద్దికట్టి, నాలుగు తెల్ల కాగితాలు, రెండు రంగు పెన్సిళ్ళు తీసుకొని ఊరి చెరువు గట్టుకో, చెట్ల నీడకో వెళ్ళండి. కొమ్మలు విరవకండి, రాలిన ఆకులే ఏరండి. ప్రతి అచ్చు వెనుక తేదీ, కలిసి వెళ్ళినవారి పేర్లు వ్రాయించండి. పనికెళ్ళి రాలేకపోయినవారి పేరు మొదట వ్రాసి, వారికోసం ఒక పరలోక జపం చెప్పించండి. ఆ కాగితాన్ని వారికి పంపండి.