రాగము కొరకు సహోదరుని పోగొట్టుకొనవద్దు

ధ్యానభాగము: అపొ. కార్యములు 15:36–41



బంగారుపేటలో పాటల అభ్యాసమునకు కూడుకొన్న ఒక సాయంకాలము, ఒక కీర్తన రాగమును గూర్చి మాట మొదలైనది. “నెల్లూరులో ఇట్లు పాడుదురు” అని మేమంటిమి. “మా కె.జి.ఎఫ్. లైన్లలో ఇట్లే పాడితిమి” అని ఒక సహోదరుడు అనెను. కొంతసేపటికి రాగము మరుగైనది; “నీకేమి తెలుసయ్యా?” అను మాట మిగిలినది. ఆ మాట అన్నది మా నోరే. మరుసటి వారము ఆయన రాలేదు.

ఎందుకిట్లు? ప్రేమించని దానికొరకు ఎవరును పోట్లాడరు. ఆ రాగము ఆయనకు తల్లి నేర్పినది. 2001లో గనులు మూతపడినను ఆ ఇంట మిగిలిన ఆస్తి అది. రాగము తప్పని మేమనగా, తల్లిని తప్పుపట్టినట్లు ఆయనకు వినబడెను.

పౌలు, బర్నబా ఇద్దరును సువార్తను ప్రేమించినవారే. అయినను మార్కు విషయమై మాట పెరిగి వేరైపోయిరి. తరువాత చెరలోనున్న పౌలు ఆ మార్కునే వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:11).

కాబట్టి దిద్దుటకు ముందు, “ఈ రాగము మీకెవరు నేర్పిరి?” అని అడుగుదము. మేము ఆ సహోదరుని ఇంటికి వెళ్లవలసియున్నది. ఈ ఆదివారపు బల్లకు ముందే వెళ్లెదము. ప్రభువు మనకందరికి సహాయము చేయును గాక. ఆమేన్.