జీలకర్ర మీద బండి నడపరు

ధ్యాన భాగం: యెషయా 28:23-29

మా పెద్దవాడికి గట్టిగా చెబితేనే ఎక్కుతుంది. ఎంత కేకలేసినా అరగంటలో మరిచిపోయి, "కూరేం చేశావమ్మా" అంటూ వంటింట్లోకి వచ్చేస్తాడు. చిన్నవాడు లెక్కల పరీక్ష పేపరు పుస్తకాల అడుగున దాచిన రోజున, వాణ్నీ అదే గొంతుతో, అవే మాటలతో నిలదీశాను. వాడు ఎదురు చెప్పలేదు, ఏడవనూ లేదు. మూడు రోజులు అవసరానికి మించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మూడో రోజు తెల్లవారుజామున నా పఠనంలో యెషయా 28వ అధ్యాయం వచ్చింది.

అధ్యాయం నిండా గద్దింపే. ఎఫ్రాయిములో తాగి తూలేవాళ్లు, యెరూషలేములో దేవుని మాటను ఎగతాళి చేసే ఏలికలు. అంత గద్దింపు తర్వాత ప్రవక్త స్వరం మార్చి, దాదాపు 2,700 ఏళ్ల కిందటి రైతును మన ముందు నిలబెడతాడు. విత్తాల్సిన రైతు ఎప్పుడూ దున్నుతూనే ఉంటాడా అని అడుగుతాడు. ఉండడు. నేల చదును చేసి నల్ల జీలకర్ర, జీలకర్ర చల్లుతాడు. గోధుమలకు ఒక చోటు, యవలకు మరో చోటు చూసుకుంటాడు. పదేళ్ల కిందటి మాటను ఇంకా దున్నుకుంటున్న భార్యాభర్తలను ఎరుగుదును. ఆ నేలలో విత్తనం పడేదెప్పుడు?

అయితే నన్ను పట్టి ఆపింది కళ్ళం. ఆ కాలంలో నూర్పిడికి బరువైన చెక్కపలక ఉండేది. దాని అడుగున పదునైన రాతిముక్కలో, ఇనుప పళ్లో బిగించేవారు. కళ్ళంలో పరిచిన పనల మీద పశువులు దాన్ని లాగుతుంటే వెన్నులు చితికి గింజ విడేది. బండి చక్రాలు నడిపించడమూ ఉండేది. గోధుమకు అంత బరువూ కావాలి. నల్ల జీలకర్ర అలా కాదు. ఎండిన కాయలో గింజలు వదులుగా ఉంటాయి, తడితే రాలతాయి. ఆ పలకను వాటి మీద లాగితే గింజ నలిగి, అందులోని నూనె, ఘాటు మట్టిపాలవుతాయి. అందుకే దానికి రైతు కర్ర తీసుకుంటాడు. మన చేలల్లో నువ్వు కట్టలను బోర్లించి, తట్టి దులపడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పలక చెడ్డదేమీ కాదు. పేపరు దాచడం తప్పే, వాణ్ని దిద్దకుండా వదిలేయమని ఈ వాక్యం అనడం లేదు. కానీ రైతు పనిముట్టు అందుకునే ముందు ఎదుట ఉన్న పంటేదో చూశాడు. నేను చూడలేదు. కోపంలో చేతికి అలవాటైనదాన్నే లాగాను.

హీబ్రూలో జీలకర్రను కొట్టే కర్రకు వాడిన మాట 'షేవెట్'. 23వ కీర్తనలో కాపరి చేతిలో ఉండి గొర్రెకు ధైర్యమిచ్చే దుడ్డుకర్రకూ అదే మాట. ఆ కర్ర దగ్గరుంటే గొర్రెకు భయం లేదు. నా అడుగుల చప్పుడు వింటే మా చిన్నవాడు తలుపు దగ్గరగా వేసుకుంటున్నాడు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటే ఆ ఉదయం నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఇంకొకటి కూడా ఉంది. అలా కర్రతో దుళ్లగొట్టడానికి యెషయా వాడిన క్రియే రూతు కథలోనూ వస్తుంది. బోయజు పొలంలో పగలంతా ఏరుకున్న యవలను ఆమె సాయంకాలం దుళ్లగొట్టుకుంటే సుమారు ఒక ఏఫా, అంటే దాదాపు 22 లీటర్ల గింజ అయింది. యవలు పలకకు తట్టుకునే పంటే. అయినా ఆ పూట ఆమె దగ్గరున్న కాసిని యవలకు కర్ర సరిపోయింది. ఇక్కడ మా పెద్దవాడు గుర్తొచ్చాడు. వాడు గట్టివాడని నేనే తీర్మానించుకున్నాను. అరగంటలో నిజంగా మరిచిపోతున్నాడో, మరిచిపోయినట్టు నా కోసం నవ్వుతున్నాడో ఏనాడూ అడగలేదు. రొట్టెకు కావలసిన ధాన్యాన్నైనా ఎల్లకాలం నూరుస్తూ ఉండరని ఆ వెంటనే ప్రవక్త అంటాడు కదా.

రైతుకు ఈ తీరు నేర్పింది అతని దేవుడేనని యెషయా చెబుతాడు. ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే, 27:12లో, దుళ్లగొట్టేది దేవుడే. క్రియ మళ్లీ అదే. అలా రాలిన తన ప్రజలను ఆయన ఒక్కొక్కరిగా ఏరుకుంటాడు. ఇంత పెద్ద కళ్ళంలో ఒక్కొక్కరిగా! ప్రభువా, నా ఇంట్లో ఉన్న ఇద్దరినీ ఒక్కొక్కరిగా నాకు చూపించు అని ప్రార్థించి లేచాను.

ఆ సాయంత్రం చిన్నవాణ్ని పిలవకుండా నేనే గదిలోకి వెళ్లి, చాప మీద వాడి పక్కన కూర్చున్నాను. పేపరు సంగతి ఎత్తలేదు. "ఆ రోజు నేను అంతలా అరవాల్సింది కాదు, కన్నా" అన్నాను. వాడు చాలాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు చూడకుండానే, "మూడో లెక్క నాకు ఇప్పటికీ రావట్లేదమ్మా" అన్నాడు.