జీరో టికెట్ ఖరీదెంత? ఏడాది ఒంటరి యాత్రల లెక్క



పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఒంటరిగా తిరిగిన క్షేత్రాల వీడియోలు మీరు చూశారు. వేములవాడ, భద్రాచలం, శ్రీశైలం, తిరుమల, అరుణాచలం, పూరి, చివరికి కాశీ. అన్నీ ఆఫీసు సెలవులు కూడబెట్టుకుని, జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెట్టుకుని చేసినవే. ఎవరు కలిసినా మొదట అడిగేది ఒక్కటే: "మొత్తం ఎంతయింది?" దర్శనం ఎలా జరిగిందనేది రెండో ప్రశ్న. అందులో తప్పేం లేదు. అద్దె, ఈఎంఐ, ఇంటికి పంపాల్సింది పోగా మిగిలిన దాంతో యాత్ర చేయాలంటే లెక్క చూసుకోక తప్పదు కదా.

ఆ లెక్క ఫోన్‌లో ఒక షీట్‌గా రాసుకున్నాను. ఏడాది అయ్యాక మొత్తం చదివితే, నన్ను ఎక్కువసేపు ఆపినవి అందులోని సున్నాలు. బస్సు: 0. భోజనం: 0. కొన్నిచోట్ల బస కూడా దాదాపు 0. ఈ పోస్ట్ ఆ సున్నాల గురించే. సంపాదించుకునేవాళ్లం, ఉచితంగా దొరికినదాన్ని ఎంతవరకు తీసుకోవచ్చు? తీసుకున్నాక మన మీద ఏమైనా బాకీ ఉంటుందా?

ఒంటరిగా వెళ్తే చవకేం కాదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఒక్కరే కాబట్టి ఖర్చు తక్కువ అనుకుంటారు. గదికి నలుగురున్నా ఒక్కరున్నా అద్దె అదే. స్టేషన్ నుంచి ఆటో కూడా అంతే. పంచుకోవడానికి పక్కన మనిషి ఉండరు. పైగా చాలా క్షేత్రాల్లో ఒక్కరికి గది ఇవ్వడానికే వెనకాడతారు. ఆడపిల్ల అయితే "ఒక్కదానివే వచ్చావా, మీవాళ్లెవరూ లేరా?" అనే ప్రశ్న దాటాకే తాళంచెవి. భద్రత కోసం ఒక రూపాయి ఎక్కువ పెట్టక తప్పని చోట్లు కూడా ఉంటాయి. అక్కడ పొదుపు మాట తలపెట్టొద్దు.

కాబట్టి మిగుల్చుకోవడం వేరే దారుల్లో జరగాలి. ఏసీకి బదులు స్లీపర్. 2024 నవంబర్ నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజుకి తేదీ ఖాయం చేసుకుంటే తత్కాల్ బాధ ఉండదు. కార్తీకమాసం, శివరాత్రి రద్దీ తప్పిస్తే గదుల ధరలు దిగుతాయి. రాత్రి ప్రయాణం పెట్టుకుంటే ఒక రాత్రి అద్దె మిగులుతుంది. రెండు జతల బట్టలు, ఒక నీళ్ల సీసా, ఒక దుప్పటి. అరుణాచలంలో గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు నడిస్తే కాళ్ల నొప్పులు తప్ప ఖర్చే లేదు.

వీటన్నిటిలో ఒక పోలిక చూడండి. డబ్బు మిగిలింది నాకే, ఇబ్బంది పడిందీ నేనే. ఇలాంటి పొదుపు మీద ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. మన పెద్దలైతే దీన్ని తపస్సులో చిన్న భాగం అనేవారేమో. చిక్కు వచ్చేది మిగతా రకాల పొదుపుతోనే.

సున్నా ఎందుకు ప్రింట్ చేస్తారు?

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్ట్ నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. వేములవాడ వెళ్లేటప్పుడు కండక్టర్ గుర్తింపు కార్డు చూసి మెషిన్ నొక్కితే జీరో టికెట్ వస్తుంది. డబ్బులే తీసుకోనప్పుడు టికెట్ కొట్టడం ఎందుకు? ఎందుకంటే ఎన్ని జీరో టికెట్లు కొట్టారో ఆ లెక్క ప్రకారమే ఆ చార్జీలు ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి రావాలి. అంటే నేను ఇవ్వని చార్జీ ఎవరో ఇస్తున్నారు. పక్కన టికెట్ కొనుక్కుని నిలబడ్డ పెద్దాయన తాను కొనే సబ్బు మీద కట్టే పన్నులో కూడా అందులో కొంత ఉంది.

రైలు సంగతీ అంతే. కొన్నేళ్ల కింద టికెట్ల మీద ఒక వాక్యం అచ్చువేయడం మొదలుపెట్టారు: ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే రైల్వేకి తిరిగి వస్తోందని. మిగతాది సరుకు రవాణా నుంచో, ఇంకెక్కడి నుంచో సర్దాలి. స్లీపర్ టికెట్ చవకగా ఉందని మురిసిపోతాం కానీ, ఆ చవక వెనక మనకి కనపడని చేతులున్నాయి.

ఇక్కడ సిగ్గుపడాల్సిందేం లేదు. ఈ పథకాలు వాడుకోవడానికే పెట్టారు. ఉచిత బస్సు లేకపోతే ఇల్లు కదలలేని ఆడవాళ్లు ఎంతమందో నాతోపాటు ఆ బస్సులో ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. షీట్‌లో సున్నా అంటే "ఖర్చు లేదు" అని కాదు అర్థం. "ఇంకొకరు పెట్టారు" అని.

అన్నప్రసాదం లైన్లో మనం నిలబడొచ్చా?

ఆఫీసులో ఒక అక్క సూటిగా అడిగేసింది: "నీకు జీతం వస్తుంది కదా, ఉచిత భోజనం దగ్గర లైన్ కట్టడం న్యాయమేనా?" మంచి ప్రశ్న. వారం రోజులు నా బుర్రలో తిరిగింది.

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో, ఎన్టీఆర్ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడున్న భవనానికి తరిగొండ వెంగమాంబ గారి పేరు పెట్టారు. భక్తుల విరాళాలతో నడుస్తుంది. అక్కడ ఎవరూ జీతం స్లిప్ అడగరు. విమానంలో వచ్చినవాళ్లు, అలిపిరి మెట్లెక్కి వచ్చినవాళ్లు ఒకే వరసలో కూర్చుంటారు. వడ్డించేది ఒకటే అన్నం, ఒకటే సాంబారు.

ఇప్పుడు పూరి చూడండి. అక్కడ ఆనంద బజారులో మహాప్రసాదం డబ్బిచ్చి కొనుక్కోవాలి. అయినా అది ప్రసాదమే. కులం చూడకుండా కలిసి తింటారు, మనవాళ్లు "సర్వం జగన్నాథం" అనేది అందుకే. ఈ రెండు క్షేత్రాలూ పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. ప్రసాదానికీ డబ్బుకీ సంబంధం లేదు. ఒకచోట వెల ఉంది, ఒకచోట లేదు. రెండుచోట్లా ఉన్నది పంక్తి.

అందుకే నా సమాధానం: కూర్చోవచ్చు, కూర్చోవాలి కూడా. సంపాదించేవాళ్లంతా "అది లేనివాళ్లకి" అని పక్కనున్న రెస్టారెంట్‌కి వెళ్లిపోతే ఆ హాల్ ఏమవుతుంది? అక్కడ తినడమంటే బీదరికానికి గుర్తు అయిపోతుంది. స్వామి ప్రసాదం కాస్తా ధర్మభోజనంగా మారిపోతుంది. మనం పక్కన కూర్చోవడం వల్ల ఇంకొకరి గౌరవం నిలబడుతుంది.

కానీ ఒక మాట. ఆ పూట భోజనం డబ్బులు మిగిలాయని లెక్కేసుకుని, ఆ మిగులుతో తిరుగు ప్రయాణంలో ఇంకేదో కొనుక్కుంటే, అప్పుడు ప్రసాదాన్ని కూపన్‌లా వాడినట్టే.

తరిగేవి, తరగనివి

పంక్తిలో నేను కూర్చుంటే నా వెనకవాళ్లకి పది నిమిషాలు ఆలస్యం అవుతుంది, అంతే. తర్వాతి పంక్తిలో వాళ్లకీ అన్నం ఉంటుంది. బస అలా కాదు. సత్రంలో పది మంచాలుంటే పదే. నేను ఒకటి తీసుకుంటే ఇంకొకరికి లేనట్టే.

కాశీలో ఇది బాగా అర్థమవుతుంది. మన తెలుగువాళ్లు తొమ్మిది రాత్రులు కాశీవాసం చేయాలని వస్తారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. పితృకార్యాలు పెట్టుకుని, మోకాళ్ల నొప్పులతో, చేతిలో ఒక సంచితో దిగుతారు. వాళ్లకి హిందీ రాదు. తెలుగు మాట వినపడే ఆశ్రమంలో ఒక మంచం దొరకడం వాళ్లకి ఎంత ఊరటో మాటల్లో చెప్పలేం. హోటల్ యాప్‌లో మనకి దొరికే గది వాళ్లకి దొరకదు.

శ్రీశైలంలో ఇంకో మెలిక. అక్కడ కులాల వారీగా సత్రాలున్నాయి. ఆ కౌంటర్ల దగ్గర మంచం దొరకడం, దొరక్కపోవడం పుట్టుక మీద ఆధారపడుతుంది. తన కులానికి సత్రం లేనివాడికీ, ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఇష్టం లేనివాడికీ దేవస్థానం వసతే దిక్కు. బయట అద్దె కట్టగల మనం ఆ మంచం కూడా పట్టుకుంటే ఎవరిని బయటికి నెట్టినట్టు?

అందుకే నేను పెట్టుకున్న నియమం ఇది: పంచుకున్నా తరగనిది సంతోషంగా తీసుకో, తీసుకుంటే తరిగేది అవసరమైతేనే తీసుకో.

బేరాల దగ్గరా ఇదే కొలత. న్యాయమైన ధర కనుక్కుని అంతే ఇస్తాననడం వేరు. కొత్తవాళ్లని చూసి మూడింతలు చెప్తే బేరం ఆడాల్సిందే. కానీ సాయంత్రం దాకా గిరాకీ లేక కూర్చున్న పడవవాడి అవసరం కనిపెట్టి, ఇంకో ₹50 తగ్గించడం వేరు. ఆ ₹50 మనకి ఒక కాఫీ కూడా కాదు. అతని ఇంట్లో పొద్దున పాలు. "తక్కువలో కొట్టేశాను" అని గొప్పగా చెప్పుకునే ముందు, ఆ తగ్గింది ఎవరి జేబులోంచి తగ్గిందో ఒక్కసారి చూసుకుంటే చాలు.

"సోలో" అనే మాట

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. వెంట దాదాపు నూరుమంది పరివారం. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ సత్రం ఉంది అని రోజువారీ రాసుకుంటూ వెళ్లారు. అంతమందిని వెంటబెట్టుకున్న మనిషికీ దారిలో ఇంకెవరో కట్టించిన సత్రాలు కావాల్సి వచ్చాయి. కాశీలో ఇవాళ మనం దర్శించే విశ్వనాథుడి గుడి 1780 ప్రాంతంలో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. ఫోన్‌లో టికెట్లు బుక్ చేసుకుని "నేనే, ఒక్కదాన్నే, సొంతంగా" అనుకుంటున్న మనం, నిజానికి ఎంతమంది భుజాల మీద వెళ్తున్నాం!

డొక్కా సీతమ్మ గారి కథ మీరు వినే ఉంటారు. 1841లో పుట్టి 1909 దాకా ఉన్న ఆ తల్లి, గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో, వచ్చిపోయేవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఒకసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆకలితో ఉన్న ఒక కుటుంబం "సీతమ్మ గారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అనుకోవడం విని, యాత్ర మానేసి వెనక్కి తిరిగారని చెప్పుకుంటారు. ఆ రోజు ఆ కుటుంబానికి భోజనం ఖర్చు సున్నా. సీతమ్మ గారికి అయిన ఖర్చు ఆవిడ ఎంతో ఆశపడిన ఒక దర్శనం.

బాకీ ఎవరికి తీర్చాలి?

దేవుడి దగ్గర లెక్కలేమిటి అంటారేమో. మన గుళ్లు లెక్కల్ని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. ద్రాక్షారామంలో అఖండదీపానికి నెయ్యి ఎక్కడి నుంచి రావాలో, దానికి ఎన్ని జీవాలు ఇచ్చారో రాతి మీద చెక్కించి పెట్టారు. దీపం ఊరికే వెలగదని వాళ్లకి తెలుసు.

గృహస్థుకి చెప్పిన పంచమహాయజ్ఞాల్లో మనుష్యయజ్ఞం ఒకటి, అంటే అతిథికి పెట్టడం. ఇందులో ఒక చిత్రం ఉంది. మనకి పెట్టినవాళ్లకే తిరిగి పెట్టాలని ఎక్కడా లేదు. సీతమ్మ గారి చేతి అన్నం తిన్నవాళ్లు ఆవిడకి తిరిగి ఏం పెట్టగలరు? వాళ్ల గుమ్మంలోకి వచ్చినవాళ్లకి పెడతారు. బాకీ ముందుకే నడుస్తుంది.

అందుకని షీట్‌లో ఇంకో రెండు గడులు చేర్చాను. సున్నా పక్కన "ఎవరు పెట్టారు?" దాని పక్కన "బయట అయితే ఎంత?" భోజనానికి మామూలు మెస్ ధర, బస్సుకి మామూలు చార్జీ. ఏడాది చివర కూడితే ఒక మొత్తం తేలింది. అందులో సగం కాశీలో అన్నదానానికి ఇచ్చాను. మిగతా సగంతో ఒక పరుపు, రెండు దుప్పట్లు కొన్నాను. ఉద్యోగ పరీక్షలు రాయడానికి మా ఊరివైపు నుంచి ఆడపిల్లలు ఒక్కళ్లే హైదరాబాద్ వస్తుంటారు. తెల్లారితే పరీక్ష, చేతిలో హాల్ టికెట్, రాత్రికి ఎక్కడుండాలో తెలియదు. మా ఫ్లాట్‌లో మేం ముగ్గురం ఒప్పుకుని, ముందుగదిలో ఆ పరుపు వేశాం. ఇప్పటికి ఇద్దరు వచ్చారు.

చదువుకుంటున్నవాళ్లు, జీతం ఇంకా చాలనివాళ్లు ఈ రెండు గడుల గురించి బెంగపెట్టుకోకండి. సత్రాలు, అన్నదానాలు ఉన్నది మీకోసమే. తీసుకోండి, దర్శనం చేసుకోండి. ఎవరి శక్తి వాళ్లది. తీర్చే రోజు వచ్చినప్పుడు గుర్తుంటే చాలు.

మీ ఇంట్లో ఒక మనిషికి సరిపడా చోటుంటే, ఈ ఏడాది అది ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించండి. వచ్చే నెల రామేశ్వరం వెళ్తున్నాను, వీడియోలో కలుద్దాం.

స్వస్తి.